తెర చూపని తెల్లవారుజాము: మందు, మత్తు దృశ్యాల గురించి పిల్లలతో ఎలా మాట్లాడాలి

రెండేళ్ల కిందట మా తొమ్మిదో తరగతి పిల్లలను ఉరవకొండ దగ్గరున్న పెన్నహోబిలానికి తీసుకువెళ్లాము. స్వామి దర్శనమయ్యాక, చిత్రాన్నం తిని, నలుగురు మగపిల్లలు చెట్టు నీడన కూర్చుని ఒక పెద్ద కూల్‌డ్రింకు సీసాను ప్లాస్టిక్ గ్లాసుల్లోకి వంచుకున్నారు. తాగబోయే ముందు నలుగురూ ఉంగరపు వేలిని గ్లాసులో ముంచి రెండు చుక్కలు పక్కకు విదిలించారు. గ్లాసుకు గ్లాసు తాకించారు. మొదటి గుక్క మింగగానే గొంతు మండినట్టు ముఖం చిట్లించారు. వాళ్లు తాగింది తియ్యటి నారింజ కూల్‌డ్రింకు. ఆ నలుగురిలో ముగ్గురి ఇళ్లలో మందు ముట్టేవాళ్లే లేరని నాకు తెలుసు. "ఇది ఎక్కడ నేర్చుకున్నావు నాయనా?" అని ఒకణ్ణి అడిగితే, "సినిమాల్లో అట్లే చేస్తారు కదా సార్" అన్నాడు, ఇందులో అడగాల్సింది ఏముందన్నట్టుగా.

అనంతపురంలో ఉన్నత పాఠశాల పిల్లలకు చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ చిట్లించిన ముఖాలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. ఆ తర్వాత మా బడి పిల్లల తల్లిదండ్రులతో కలిసి చేసి చూసిన పనులను ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలున్న ఇళ్లవారిని ఉద్దేశించి రాస్తున్నాను కాబట్టి, చదివి పక్కన పెట్టకుండా ఈ ఆదివారమే మొదలుపెట్టమని నా మనవి.

ముందుగా, తెర ఏం చేస్తుందో తెలుసుకోండి

సినిమా చూసినంత మాత్రాన పిల్లవాడు తాగుబోతు అయిపోడు. ఆ మాట నిజమే గానీ, అక్కడితో నిశ్చింతగా ఉండిపోవడం పొరపాటు. అమెరికాలోని న్యూహాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రాల్లో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలను పరిశోధకులు ఏడాదికి పైగా గమనించి, 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలను ప్రకటించారు. సినిమాల్లో పొగతాగే దృశ్యాలను ఎక్కువగా చూసిన పిల్లలు ఆ తర్వాత సిగరెట్ ముట్టడం ఎక్కువగా కనిపించింది. అంతకంటే ఆలోచించవలసిన సంగతి ఏమిటంటే, తల్లిదండ్రులకు పొగ అలవాటు లేని ఇళ్లలోని పిల్లల మీదనే ఆ ప్రభావం మరింత బలంగా ఉంది. ఢిల్లీలోని 12 పాఠశాలల్లో ఎనిమిదో తరగతి పిల్లలతో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో కూడా, హిందీ సినిమాల్లో పొగాకు వాడకాన్ని ఎక్కువగా చూసిన పిల్లలు దాన్ని ఒకసారైనా వాడి చూసి ఉండే అవకాశం, తక్కువ చూసినవారి కంటే రెట్టింపుకు పైగా ఉన్నట్టు తేలింది. మద్యం దృశ్యాల విషయంలోనూ ఇలాంటి సంబంధమే అమెరికాలోనూ యూరప్ దేశాల్లోనూ కనిపించింది.

"మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు సార్, మాకేం భయం?" అనే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. తాగే తండ్రి ఉన్న ఇంట్లో పిల్లవాడికి మందు వాసన తెలుసు, అమ్మ ఏడుపు తెలుసు, తెల్లవారాక నాన్న ముఖం ఎట్లా ఉంటుందో తెలుసు. మందు లేని ఇంటి పిల్లవాడికి తెర చూపించిందే మందు. తాగే ఇళ్లలోని పిల్లలకు ముప్పు తక్కువని నా ఉద్దేశం కాదు, వాళ్ల ముప్పు మరో దారిన వస్తుంది. కాని తెర ముందు కూర్చున్నప్పుడు ఈ రెండో పిల్లవాడి దగ్గర సరిపోల్చి చూసుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక తెర చూపించేది దాదాపు ఎప్పుడూ రాత్రినే. ప్రేమ విఫలమైతే మందు, ఉద్యోగం వస్తే మందు, స్నేహితుడు కలిస్తే మందు. పాట పూర్తి కాగానే దృశ్యం మారిపోతుంది, మరుసటి సీనులో అదే మనిషి ఇస్త్రీ చొక్కాతో, నున్నగా దువ్విన తలతో కనిపిస్తాడు. మధ్యలో ఒక తెల్లవారుజాము ఉండాలి, దాన్ని కత్తిరించేస్తారు. వాంతి ఎవరు కడిగారు, ఆ నెల పాల డబ్బు ఎవరు కట్టారు, ఆ మనిషి ఎవరికి ఏ మాట ఇచ్చి మరచిపోయాడు అన్నవి పిల్లవాడికి కనిపించవు. ఇకపై మీరు చేసే పని అంతా ఆ కత్తిరించిన భాగాన్ని తిరిగి అతికించడమే.

మొదటి పని: ఒక వారం పక్కన కూర్చోండి, ఏమీ చెప్పకండి

మా వాడు పదో తరగతిలో ఉన్నప్పుడు వాడి చేతిలోని ఫోను ఒకరోజు కోపంతో లాగేసుకున్నాను. గాంజా తాగడాన్ని గొప్పగా చూపించే రీల్సు వరుసగా వస్తూ ఉంటే చూసి తట్టుకోలేకపోయాను. వారం తిరిగేసరికి వాడు అవే రీల్సును పక్కింటి స్నేహితుడి ఫోనులో చూస్తున్నాడు, నా ముందు మాత్రం నోరు విప్పడం మానేశాడు. ఫోను లాక్కోవడం వల్ల నేను పోగొట్టుకున్నది వాడు ఏం చూస్తున్నాడో తెలుసుకునే ఒకే ఒక్క కిటికీని.

అందుకని మీరు ముందు చూడండి. వారం రోజులపాటు పిల్లలు చూసే సినిమా, సిరీస్, రీల్సు, క్రికెట్ మ్యాచి ఏదైనా సరే, వీలైనప్పుడల్లా పక్కన కూర్చుని చూడండి. ముఖం మాడ్చుకోకండి, ఛానెల్ మార్చకండి, "ఛీ, ఇవేం సినిమాలు" అనకండి. అట్లా అన్న మరుక్షణం పిల్లవాడు ఆ సినిమా పక్షాన నిలబడి వాదించడం మొదలుపెడతాడు.

రెండో పని: నాలుగు గీతల పుస్తకం

ఈ పనికే ఎక్కువ సమయం ఇవ్వండి. ఒక పాత నోటుపుస్తకం తీసుకుని, పేజీని నిలువుగా నాలుగు భాగాలు చేయండి. మొదటి భాగంలో ఎవరు తాగారు, రెండో దానిలో ఎందుకు తాగారు, మూడో దానిలో ఆ సమయంలో వెనుక ఏ పాట, ఏ సంగీతం వస్తోంది లేదా పక్కవాళ్లు నవ్వుతున్నారా భయపడుతున్నారా, నాలుగో దానిలో మరుసటి రోజు ఏం జరిగిందని చూపించారు అని రాయాలి. సినిమా చూస్తూ రాసేది పిల్లవాడే, మీరు కాదు. "మాకు బడిలో ప్రాజెక్టు ఇచ్చారు" అనే సాకు కావాలంటే వాడుకోండి, మా బడిలో మేము నిజంగానే ప్రాజెక్టుగా ఇచ్చాము.

మా తరగతిలో ఒక అమ్మాయి తెచ్చిన పేజీ నా దగ్గర ఇంకా ఉంది. మొదటి గడి నిండా హీరో, హీరో స్నేహితుడు, హీరో, హీరో మామ అని వరుసగా రాసింది. రెండో గడిలో "బాధ", "సంతోషం", "ఊరికే" అని ఉంది. మూడో గడిలో "అందరూ నవ్వుతున్నారు" అని రాసి, దాని కింద అన్ని వరుసలకూ అదే మాట అని చుక్కలు పెట్టుకుంటూ పోయింది. నాలుగో గడి మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఖాళీ. దాన్ని నింపడం మరచిపోయావా అని అడిగితే, "లేదు సార్, చూపించలేదు" అంది. నేను గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా ఆ ఖాళీ గడి చెప్పినంత చెప్పలేను. మీ ఇంట్లో కూడా ఆ గడిని మీరు నింపకండి, దాని గురించి వెంటనే వ్యాఖ్యానించకండి. పిల్లవాడి కంటికే అది ఖాళీగా కనబడనివ్వండి.

మూడో పని: ఖాళీ గడిని మాటలతో నింపడం

ఒకటి రెండు రోజులు గడిచాక, భోజనాల దగ్గరో బండి మీద వెళ్తున్నప్పుడో అడగండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే విచారణలా ఉంటుంది. పక్కపక్కన ఉన్నప్పుడు పిల్లలు తేలికగా మాట్లాడతారు. "ఆ సీను అయ్యాక ఇంటికి ఎట్లా పోయింటాడు నాయనా? బండి ఎవరు నడిపింటారు? పొద్దున లేచాక వాళ్లమ్మ ఏమనింటుంది?" అంటూ కథను పొడిగించమనండి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు దీన్ని ఆటలా తీసుకుంటారు. ఇంటర్ పిల్లలకు ఈ ఆట చిన్నపిల్లల వ్యవహారంగా అనిపిస్తుంది కాబట్టి, వాళ్లతో సూటిగా మాట్లాడటం మేలు. ఆ సీను ఎందుకు పెట్టారు, అది లేకపోతే కథకు లోటేమిటి, ఎవరికి లాభం అని వాళ్లనే అడగండి.

ఉదాహరణలు మన జిల్లాలోనే ఉన్నాయి. బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగస్వామి గుడికి మందు మానాలని మాల వేసుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారు, వాళ్లతో భార్యలూ తల్లులూ వస్తారు. మీ నమ్మకాలు ఏమైనా కావచ్చు, వీలైతే పిల్లవాణ్ణి ఒకసారి అక్కడికి తీసుకువెళ్లి వరుసలో నిలబడినవాళ్ల ముఖాలు చూడనివ్వండి. ఏ సినిమా పాటలోనూ కనిపించని తెల్లవారుజాము అక్కడ కనిపిస్తుంది.

ఆరోగ్యం గురించి చెప్పేటప్పుడు భయపెట్టే మాటలకన్నా నిజమైన మాటలు పనిచేస్తాయి. ముందువెనుకలు ఆలోచించి ఆగమని చెప్పే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ల ప్రాయం దాకా ఎదుగుతూనే ఉంటుంది, ఆ ఎదుగుదల మధ్యలో మద్యమూ గాంజా పడితే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి, ఎంత చిన్న వయసులో మొదలుపెడితే బానిసయ్యే అవకాశం అంత ఎక్కువ అని చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదన్న నియమం ఉందని కూడా చెప్పండి. "ఒక్క చుక్క తాగితే చచ్చిపోతావు" అని మాత్రం అనకండి. రేపు వాడి స్నేహితుడు తాగి నిక్షేపంగా బడికి వస్తే, మీరు చెప్పిన మిగతా నిజాలు కూడా అబద్ధాలైపోతాయి.

నాలుగో పని: ప్రకటనను విప్పి చూపించడం

మద్యానికి, పొగాకుకు టీవీలో ప్రకటనలు ఇవ్వడాన్ని 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమాలు నిషేధించాయి. అయినా క్రికెట్ మ్యాచి మధ్యలో సోడా పేరుతో, మంచినీళ్ల పేరుతో, మ్యూజిక్ సీడీల పేరుతో మందు కంపెనీల పేర్లే వినిపిస్తూ వచ్చాయి. వీటిని చాటు ప్రకటనలు అనవచ్చు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి చాటు ప్రకటనలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. మీ పిల్లవాడితో ఒక చిన్న పరీక్ష చేయించండి. అలాంటి ప్రకటన వచ్చినప్పుడు, అందులో సోడా సీసా ఎన్ని సెకన్లు కనిపించిందో లెక్కపెట్టమనండి. తర్వాత వీధి చివరి అంగడికి పంపి ఆ సోడా ఉందేమో అడిగి రమ్మనండి. చాలాసార్లు అది దొరకదు. తాము అమ్మని వస్తువుకు కంపెనీ కోట్లు ఎందుకు ఖర్చు పెడుతోందన్న ప్రశ్న పిల్లవాడి నోటివెంట రావాలి. తనను ఎవరో మోసం చేయబోయారని తెలిస్తే ఈ వయసు పిల్లలకు వచ్చినంత కోపం మరెవరికీ రాదు, ఆ కోపం మనకు అక్కరకొస్తుంది. అలాంటి ప్రకటన మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు, ఆ ఫోను పిల్లవాడి చేతనే చేయించండి.

పొగాకు విషయంలో సినిమా హాళ్లలో హెచ్చరిక చిత్రాలు 2012 నుంచి, ఓటీటీల్లో 2023 సెప్టెంబరు 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. ఇవి ఉండటం మంచిదే. అయితే తెర మూలన కనిపించే అక్షరాలు పిల్లల కంటికి అలవాటైపోయి, గోడ మీది మరకలా కలిసిపోతాయి. వాటిని నమ్ముకుని మన పని తగ్గించుకోకూడదు.

ఐదో పని: ఫోను, టీవీ సర్దుబాట్లు

ఇది అరగంట పని. పిల్లవాడి ముందే, వాడికి చెప్పి చేయండి. 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం ఓటీటీల్లో ప్రతి సినిమాకూ యూ, యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+, ఏ అనే వర్గీకరణ ఉండాలి, యూఏ 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలి. పిల్లలకు వేరే ప్రొఫైల్ తెరిచి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి, ఆ పిన్ పిల్లవాడి పుట్టినతేదీ కాకుండా చూసుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో అసలు వయసు ఇచ్చి ఖాతా తెరిస్తే టీన్ అకౌంట్ రక్షణలు, అంటే చిన్నవయసువారి కోసం పెట్టిన కట్టడులు, వాటంతట అవే వర్తిస్తాయి, చాలామంది పిల్లలు పుట్టిన సంవత్సరాన్ని వెనక్కి జరిపి ఇవ్వడమే అసలు చిక్కు. యూట్యూబ్‌లో మత్తు వీడియో వచ్చినప్పుడు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి "ఆసక్తి లేదు" అని ఎంచుకోవడం నేర్పండి. రీల్సు ఎంచి పెట్టే యంత్రానికి మన ఇష్టాయిష్టాలు తెలియవు, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగామన్నదే తెలుస్తుంది. ఒక గాంజా రీల్ దగ్గర ఆగి రెండుసార్లు చూస్తే అలాంటివే మరో పది వస్తాయని పిల్లవాడికి చేసి చూపించండి.

మన ఊళ్లలో చాలామంది పిల్లలు చూసేది నాన్న ఫోనే. అందువల్ల అందులో వచ్చేది నాన్న చూసినదానికి కొనసాగింపు. గూగుల్ ఖాతాలోని మై యాడ్ సెంటర్‌లో మద్యం ప్రకటనలను తగ్గించమని ఎంచుకునే వీలుంది, ముందు మీ ఫోనులో అది చేసుకోండి. పుట్టినరోజు నాడు బీరు సీసాలతో తీసిన వీడియోను వాట్సాప్ స్టేటస్‌గా పెట్టే మేనమామ కూడా ఆ పిల్లవాడికి ఒక ఛానెలే. జాతరలోనూ పెళ్లి బరాత్‌లోనూ తాగి ఎగిరేవాళ్ల వీడియోలను కుటుంబ గ్రూపుల్లో పంపుకుని నవ్వుకోవడం మానుకుంటే చాలు, సగం పని అయినట్టే. ఈ మాట పెద్దవాళ్లకు చెప్పడం పిల్లలకు చెప్పడం కంటే కష్టమని నాకు అనుభవమే, అయినా చెప్పక తప్పదు.

ఆరో పని: వార్తలనూ కలిపి మాట్లాడండి

గాంజా పట్టివేత వార్తలో ఎన్ని కిలోలు, కిలో ధర ఎంత, ఎన్ని లక్షల సరుకు అనేవే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. కర్ణాటక సరిహద్దు దాటి మన జిల్లాలోకి వచ్చే టెట్రా ప్యాకెట్ల మద్యం వార్తలూ అంతే. వీటిని చదివిన పదహారేళ్ల కుర్రాడి తలలో నిలిచేది ఆ డబ్బు అంకె. వార్త చదివాక "పట్టుబడినవాడి వయసు ఎంత? వాడి చదువు ఏమైంటుంది? వాడి చేత మోయించినవాడి పేరు వార్తలో ఉందా?" అని అడగండి. పిల్లలకు మద్యం, పొగాకు, మత్తుపదార్థాలు ఇచ్చినవారికి ఏడేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ చెబుతోంది. పిల్లల చేత వాటిని మోయించడం, అమ్మించడం 78వ సెక్షన్ కింద నేరం.

మత్తు అనగానే గాంజా ఒక్కటే తలపుకు వస్తుంది గానీ, 2019లో ఎయిమ్స్ ప్రకటించిన జాతీయ సర్వేలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం మంది పీల్చే మత్తుపదార్థాలు వాడుతున్నట్టు తేలింది. పెద్దల్లో అది 0.58 శాతమే. వైట్‌నర్, పంక్చర్ అతికించే సొల్యూషన్ వంటివి స్టేషనరీ అంగడిలో, సైకిల్ షాపులో దొరికే వస్తువులు. పిల్లవాడి సంచిలో అవసరం లేకుండా ఇవి కనబడినా, చొక్కాకు రంగు మరకలూ ఘాటు వాసనా ఉన్నా, పట్టించుకోకుండా వదలకండి.

ఇప్పటికే మొదలైపోయి ఉంటే

కొట్టకండి, బంధువుల ముందు పరువు తీయకండి, ఊరు మార్చేస్తే సరిపోతుందని అనుకోకండి. ఎప్పటినుంచి, ఎంత, ఎవరితో అన్నది నిదానంగా తెలుసుకోండి. మత్తు వదిలించుకోవడానికి సహాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేనప్పుడు తెలుగులోనే మాట్లాడగలిగే టెలిమానస్ 14416, పిల్లల సహాయానికి 1098, గాంజా అమ్మకాల సమాచారం ఇవ్వడానికి రాష్ట్ర ఈగల్ విభాగం 1972 ఉన్నాయి. అనంతపురం, కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లండి. పిచ్చి ఆసుపత్రి అన్న మాటకు వెనకాడవద్దు. రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉన్నవారు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, కాబట్టి ఇంట్లో గదిలో పెట్టి మాన్పించే ప్రయత్నం చేయకుండా వైద్యుడి పర్యవేక్షణలోనే మాన్పించాలి. పోలీసు కేసు అవుతుందేమోనన్న భయంతో చాలామంది వైద్యానికి రారు. కొద్ది పరిమాణం మత్తుపదార్థంతోనో, దాని వాడకం వల్లనో కేసులో చిక్కిన బానిస తానుగా చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి మినహాయింపు పొందే వీలును మత్తుపదార్థాల నియంత్రణ చట్టమైన ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ కల్పిస్తోంది.

చివరి పని: కత్తిరించిన సీనును పిల్లల చేతనే తీయించండి

నెల్లూరు జిల్లా దూబగుంటలో తొంభైల మొదట్లో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన ఆడవాళ్లు వాచకంలోని ఒక పాఠం చదివారు. తాగుడుకు చితికిన ఒక సంసారం కథ అది. ఆ కథలో తమ ఇల్లే కనబడి, రోశమ్మ అనే ఆ ఊరి మహిళ ముందు నిలవగా, ఊళ్లోని సారా అంగళ్లను మూయించారు. అక్కడ రేగిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అప్పటి వాచకం చేసిన పనిని ఇప్పుడు పిల్లల చేతిలోని ఫోను చేయగలదు.

పిల్లలకు నచ్చిన ఒక మందు సీనును వాళ్లనే ఎంచుకోమనండి. దానికి మరుసటి రోజు పొద్దుటి సీనును ఒక్క నిమిషంలో తీయమనండి. పెన్నహోబిలంలో వేలు ముంచిన ఆ నలుగురికే నేను మొదట ఈ పని అప్పగించాను. ఒకడు మంచం మీద బోర్లా పడుకున్నాడు, ఒకడు తలుపు కొట్టే అప్పులవాడయ్యాడు, ఒకడు ఫోను పట్టుకున్నాడు. తల్లి వేషం వేయడానికి నాలుగోవాడు సిగ్గుపడితే వాళ్లమ్మనే అడిగారు. ఆమెకు నటించడం రాదని చెప్పి, చీపురు తీసుకుని మంచం చుట్టూ ఊడ్చింది, మన్ను చల్లి మరోసారి ఊడ్చింది, టీ కాచి గ్లాసు మంచం పక్కన పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. పిల్లలు ముందే రాసుకున్న మాటలన్నీ తీసేసి ఆమె భాగాన్ని మాత్రమే ఉంచుకున్నారు.

మీ పిల్లలు తీసే వీడియో కూడా నిమిషం దాటకుండా చూడండి, సంగీతం పెట్టనివ్వకండి, పిల్లల ముఖాలు కనిపించేలా నెట్‌లో ఎక్కించనివ్వకండి. బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగే రోజున తరగతి గదిలో చూపించమని ఉపాధ్యాయులను అడగండి, ఒప్పుకుంటారు. నాలుగు గీతల పుస్తకాన్ని ఆ రోజు పిల్లవాడి చేత తెప్పించండి.